పైడమ్మత్త మబ్బులు

పోయిన నెల బరంపురం వెళ్ళినప్పుడు, అంకులిలో మా దూరపు బంధువుల కుర్రాడు తను పెట్టిన అప్పడాల కార్ఖానా చూడమని పట్టుబట్టి తీసుకెళ్ళాడు. లోపల అడుగుపెట్టగానే ఇంగువ వాసన గుప్పుమంది. ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ తర్వాత ఇనప బీరువా లాంటి ఒక పెద్ద పెట్టె తలుపు తీసి చూపించాడు. లోపల అరల నిండా అప్పడాలు, వాటి మీదుగా వేడిగాలి. "ఇంక ఎండతో పన్నేదు మామ్మగారూ. వానొచ్చినా తుఫానొచ్చినా మన సరుకు మనకి తయారైపోతాది" అన్నాడు గర్వంగా. మంచిదే నాయనా అన్నాను. నిజంగా మంచిదే, వెనకటి రోజులే గొప్పవని వాదించే ముసలమ్మను నేను కాను. కానీ బయటికి వచ్చాక అలవాటు కొద్దీ తల ఎత్తి ఆకాశం చూశాను. "ఏటి సూత్తన్నారు?" అన్నాడు. ఆ మబ్బు ఏ రకమో చూస్తున్నానన్నాను. మబ్బుల్లో రకాలేమిటని నవ్వాడు. అతనికి ఆ వేళ వినే తీరిక లేదు, నడివీధిలో నిలబడి చెప్పే ఓపిక నాకూ లేదు. అందుకని ఇక్కడ రాస్తున్నాను.

మా గంజాం జిల్లా ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజులు. బరంపురంలోనే గోసాని నువాగాంలో మాది రెండు గదుల ఇల్లు, ముందు అరుగు, వెనక వంటసాల, దాని మీద సున్నం దంచి వేసిన చిన్న డాబా. మా నాన్న బోర్డు స్కూల్లో పంతులు. బుద్ధిమంతుడు, కొంచెం భయస్థుడు. మా అమ్మ నోరు తక్కువ, పని ఎక్కువ. మామ్మ, అంటే మా నాన్న తల్లి, గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చుని వీధి మొత్తానికీ పెద్దరికం చేసేది. వీళ్ళ మధ్యకి మా నాన్న చెల్లెలు పైడమ్మత్త వచ్చి పడింది. ఉత్తరాన ఋషికుల్య నది అవతల ఉన్న కొడలలో ఇచ్చారు ఆవిణ్ణి. భర్త జ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. నిండా ముప్ఫై ఏళ్ళు లేవు. నాలుగు రోజులు ఉండి వెళ్ళడానికని వచ్చింది, ట్రంకుపెట్టె కూడా పూర్తిగా విప్పలేదు. ఒకరోజు పొద్దున్నే ఆ పెట్టెలోంచి అప్పడాల కర్ర, పీట తీసి కడిగి ఎండలో పెట్టింది. "నాను మళ్ళీ ఎల్లనమ్మా. అక్కడ బావగారింట జీవితమంతా ఒండి పెట్టడం కంటే ఇక్కడ అప్పడాలొత్తుకుని నా కూడు నాను తింతాను" అంది. మామ్మ నెత్తి కొట్టుకుంది. నాన్న పేపరు వెనక మొహం దాచుకున్నాడు. అమ్మ మాత్రం లేచి వెళ్ళి మినప్పప్పు డబ్బా తెచ్చి అత్త ముందు పెట్టింది. మా అమ్మ అభిప్రాయాలు చెప్పే పద్ధతి అది.

అప్పడం అంటే పిండీ ఇంగువా అనుకుంటారు తినేవాళ్ళు. చేసేవాళ్ళకి అప్పడం అంటే ఆకాశం. మినప్పిండిలో సోడా లాంటి అప్పడాల ఖారం, ఉప్పు, మిరియం, ఇంగువ కలిపి, నూనె చెయ్యి తగిలిస్తూ రోకలితో దంచాలి. దంచేకొద్దీ పిండి సాగుతుంది. దాన్ని పొడుగ్గా చేసి, కాలి బొటనవేలికి కట్టిన దారంతో ముక్కలు కోసి, పల్చగా ఒత్తాలి. ఒకసారి కలిపిన పిండి రేపటిదాకా ఆగదు. కలిపామా, ఆ పూటే ఒత్తాలి, ఆ పూటే ఆరబెట్టాలి. ముసురు పడితే బూజు పడుతుంది. పోనీ ఎండ ఉంటే చాలా అంటే అదీ కాదు. మండే ఎండలో పెట్టిన అప్పడం అంచులు లేచి గిన్నెలా ముడుచుకుంటుంది, నడిమికి బీట వేస్తుంది. పెళ్ళివారు అలాంటిది ముట్టరు. కావలసింది పల్చటి ఎండ. సూర్యుడు కనిపిస్తూ ఉండాలి, నీడ మాత్రం నేల మీద గట్టిగా పడకూడదు. అలాంటి ఎండ కావాలంటే పైన ఒక మబ్బు ఉండాలి, అదీ సరైన మబ్బు అయి ఉండాలి. కాబట్టి మా ఇంట్లో పొద్దున్న లేస్తూనే దేవుడి పటం కంటే ముందు ఆకాశం చూసేవాళ్ళం.

అత్త ఆకాశం చూడటం కొడలలో నేర్చుకుంది. కొడల చుట్టూ కొండలు. అక్కడి ఆడవాళ్ళు పొద్దున్నే కొండ నెత్తి చూస్తారు. కొండ నెత్తిన మబ్బు కూర్చుంటే ఆ పూట వాన, కొండ తేటగా ఉంటే నిశ్చింత. ఎన్నేళ్ళ నుంచో తప్పని లెక్క అది. మా డాబా మీద నిలబడినా పడమట దూరంగా కొండల వరస కనపడుతుంది. దసరాకు ముందు, మా వీధిలోనే ఒకరి బారసాలకి అప్పడాలు చేసిపెట్టమని అడిగారు. అత్తకి అది మొదటి పని. ఆ పొద్దున పడమటి కొండలు కడిగిన పళ్ళెంలా ఉన్నాయి. "బెంగ నేదు వదినా, కలుపు" అంది. పిండి కలిపారు, దంచారు, ఒత్తారు. మంచాల మీద పాత పంచెలు పరిచి అప్పడాలు వేశారు. అత్త ఆ మంచాల పక్కనే పడమటికి తిరిగి కూర్చుని, కొండల మీంచి చూపు తిప్పకుండా కాపలా కాసింది. వాన వెనక నుంచి వచ్చింది. తూర్పున గోపాలపురం సముద్రం మీంచి లేచిన మబ్బు మా ఇంటి కప్పు దాటి వచ్చేదాకా ఎవరం తిరిగి చూడలేదు. మేం నలుగురం పరుగెత్తేలోగా పంచెలకి అంటుకుపోయి అప్పడాలన్నీ మళ్ళీ పిండైపోయాయి. కొడల కొండని బరంపురానికి తెచ్చుకున్న పొరపాటు అది. వీధిలో నవ్వారు. బారసాల వాళ్ళు బజారు అప్పడాలు కొనుక్కున్నారు. అత్త ఆ పంచెలు తనే నూతి దగ్గర ఉతుక్కుంది. ఎవర్నీ సాయం రానివ్వలేదు.

ఈ కబురు కొడల చేరడానికి ఎంతసేపు. దసరా వెళ్ళీవెళ్ళకుండానే అత్త భర్తకి అన్నగారు, మేమంతా కొడల బావగారని పిలిచేవాళ్ళం, గుడ్డగొడుగు చంకన పెట్టుకుని వచ్చాడు. చెడ్డవాడని చెప్పలేను. పొలం, ఎడ్లు, పెద్ద సంసారం, నలుగురిలో పరువు, వీటి మధ్య పెరిగిన మనిషి. అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "లోకం ఏటంతాది పైడమ్మా? తమ్ముడి పెళ్ళాన్ని అప్పడాలు ఒత్తుకోడానికి ఒగ్గీసినారు అనరా? పోనీ ఆ ఒత్తడమైనా సాగిందా అంటే అదీ నేదు" అన్నాడు. నాన్న పేపరు తెరిచి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అత్త తలుపు చాటు నుంచే జవాబు చెప్పింది. పెద్దబజారులో బట్టల వర్తకుడి ఇంట్లో మార్గశిరంలో పెళ్ళి ఉంది, దానికి అప్పడాలు చేస్తానని తను ఒప్పుకుంది. కార్తీకం వెళ్ళేలోగా ఆ సరుకు మాట రాకుండా అందిస్తే తను ఇక్కడే ఉంటుంది. అందించలేకపోతే ఆయన బండి తెచ్చుకోవచ్చు, మారు మాట్లాడకుండా ఎక్కుతుంది. "మాటేనా?" అన్నాడాయన. "మాటే బావగారూ" అంది. ఆయన వెళ్ళాక మామ్మ, "వాన రాకడ, పానం పోకడ ఎవుల్కి తెలుస్తాదే? దాని మీద పందెం కాసినావేటి?" అని ఏడ్చింది. "పానం పోకడ దేవుడికొగ్గీ అమ్మా. వాన రాకడ నాను సూసుకుంతాను" అంది అత్త.

తను అన్న మాటకు కట్టుబడి అత్త బరంపురం ఆకాశాన్ని మొదటి నుంచీ నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేను చూసిన చదువుల్లో అంత పట్టుదలగా సాగిన చదువు మరొకటి లేదు. మా ఇంట్లో వాతావరణం చెప్పేవాళ్ళకి కొదవ లేదు. మామ్మకి మోకాలు ఉంది. అది సలిపితే వాన అనేది, కానీ ఆ మోకాలు ఎండల్లోనూ సలిపేది. నాన్నకి మద్రాసు పేపరు ఉంది. అది మెయిలు బండిలో వచ్చి మాకు చేరేసరికి ఒక రోజు పాతబడేది. నాన్న దాన్ని భక్తిగా చదివి, "ఉత్తర సర్కారు జిల్లాల్లో రేపు అక్కడక్కడా జల్లులు" అని, కాస్త ఆలోచించి, "రేపంటే ఇవాళే అన్నమాట" అని సర్దుకునేవాడు. కృష్ణ నుంచి గంజాం దాకా అందరికీ కలిపి ఆ ఒక్క వాక్యమే. "అక్కడక్కడా అంటే మన డాబా ఎక్కడ పడతాదో రాయనేదా అన్నియ్యా?" అనేది అత్త. అయినా ఆ పేపరు కబురును తోసెయ్యలేదు. రోజూ చదివించుకుని, ఆ మాటా తన కంటికి కనపడిందీ పక్కపక్కన పెట్టుకుని చూసుకునేది. వీటికి తోడు గోపాలపురం నుంచి చేపల గంప నెత్తిన పెట్టుకుని వచ్చే ఎర్రమ్మ. అత్త చేప ముట్టదు. అయినా ఎర్రమ్మని అరుగు మీద కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అలలు ఎలా ఉన్నాయి, గాలి ఏ పక్క నుంచి, తెప్పలు వెళ్ళాయా, తుఫాను గుర్తుగా రేవులో కర్రకి ఏమైనా కట్టారా అని పోలీసు అడిగినట్టు అడిగేది.

పొద్దున్నే అన్నాచెల్లెళ్ళిద్దరూ డాబా ఎక్కేవారు. నాన్న చేతిలో భూగోళం పుస్తకం ఉండేది, అందులో ఒక పేజీ నిండా మబ్బుల బొమ్మలు. ఆయన ఇంగ్లీషు పేరు చదివేవాడు, అత్త ఆకాశంలో వెతికి తన పేరు చెప్పేది. పైన ఎక్కడో ఏకిన దూదిలా సన్నగా, తెల్లగా సాగేది సిర్రస్. అది ఆవిడకి పింజ మబ్బు. అడుగున బల్లపరుపుగా ఉండి పైకి కుప్ప పోసినట్టు పెరిగేది క్యుములస్. అది కుప్ప మబ్బు. కుప్ప పొద్దున్నే చిన్నచిన్నగా ఉంటే బెంగ లేదు, మధ్యాహ్నానికి ఎత్తు పెరిగి నెత్తి చదునైతే ఉరుముతుంది. ఆకాశమంతా ఒకే బూడిద రంగుగా కప్పేది స్ట్రేటస్, అంటే దుప్పటి మబ్బు. సూర్యుడు దాని వెనక అరిగిన కాసులా కనపడితే ఇంకా పూట టైముంది, అసలు కనపడకపోతే మంచాలు ఎత్తెయ్యాలి. చివరి రకం, తూర్పు నుంచి కిందికి దిగి, చింపిరి గుడ్డల్లా పరుగెత్తేవి. వాటికి నాన్న పుస్తకంలో బొమ్మ లేదు. "ఇయ్యి తుఫాను కుక్కలు అన్నియ్యా. ఈటెనకాల యజమాని వస్తన్నాడని లెక్క" అంది అత్త. నాన్న పెన్సిలుతో ఆ పేజీ అంచున "తుఫాను కుక్కలు" అని రాసుకున్నాడు. భయస్థుడైన మా నాన్న ఆ రోజుల్లో డాబా మీద ఎంత సంతోషంగా ఉండేవాడో నాకు ఇప్పటికీ గుర్తుంది. చెల్లెలి పక్షాన బావగారి ఎదుట ఒక్క మాట అనలేకపోయిన మనిషి, ఆ మాటకి బదులు రోజూ తెల్లవారకముందే లేచి పుస్తకం పట్టుకుని ఆమె పక్కన నిలబడ్డాడు.

ఇప్పుడు రాత్రి తొమ్మిది గంటలకి టీవీలో ఒక అమ్మాయి దేశం పటం ముందు నిలబడి, మబ్బుల గుంపు ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపిస్తుంది. చాలాసార్లు నిజమవుతుంది. తుఫాను ముందే తెలిసి జనం ప్రాణాలతో బయటపడుతున్నారు, అంతకంటే ఏం కావాలి. నాకున్న చింత ఒక్కటే. మనకి తెలిసింది ఎక్కువైంది, మనం చూసేది తక్కువైంది. మా మనవరాలు కిటికీ తియ్యకుండానే గొడుగు తీసుకుని బయల్దేరుతుంది.

కార్తీకం ఆఖరి రోజులదాకా పెళ్ళి సరుకుకి రోజు కుదరలేదు. వారమంతా ముసురు. పిండి విసిరి, జల్లించి, గుడ్డ కట్టి సిద్ధంగా ఉంది. అత్త మాత్రం కలపనివ్వలేదు. మామ్మ గొణిగేది, పెళ్ళివారి మనిషి వచ్చి అడిగిపోయేవాడు, అత్త రోజూ డాబా ఎక్కి దిగి "ఇవాళ కాదు" అనేది. ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో నాకు పెద్దయ్యాక తెలిసింది. చివరికి ముసురు విడిచింది. తెల్లారేసరికి ఆకాశం తేటగా ఉంది. గాలి పడిపోయింది. చాలా ఎత్తున, తూర్పు అంచు నుంచి నడినెత్తి దాకా పింజ మబ్బు విసనకర్రలా విచ్చుకుంది. అదే సమయానికి ఎర్రమ్మ వచ్చింది. "రేవులో కర్రకి నల్లబుట్ట కట్టీసినారమ్మా. మావోళ్ళు తెప్పలు పైకి లాగీసినారు" అంది. పేపరులోనూ బంగాళాఖాతంలో గాలివాన పుట్టిందని ఉందన్నాడు నాన్న. మామ్మ పిండి మూట తీసుకెళ్ళి మళ్ళీ గదిలో పెట్టబోయింది.

"అక్కడుంచమ్మా. ఇవాళే కలపాల" అంది అత్త.

ఎప్పుడూ అడ్డు చెప్పని మా అమ్మ కూడా, "బుట్ట కట్టినాక పిండి కలుపుతావేటి పైడమ్మా?" అంది.

"అందుకే కలపాల వదినా. పింజ మబ్బు ఇవాళ, దుప్పటి మబ్బు సందేళకి, వాన రేపు. మనకి కావాల్సిన పల్చటెండ ఇవాళ ఒక్కనాడే. తుఫానొస్తాదని తెలిసింది కాబట్టే ఇవాళ రాదని తెలిసింది. రేపటి నుంచి మరో వారం నానుతాది. అప్పటికి పెళ్ళి అయిపోతాది."

అందరం నాన్న వైపు చూశాం. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నానూ అదే అనుకుంతన్నాను. కలపండి" అన్నాడు. ఆ రోజు ఆయన బడికి సెలవు పెట్టి రోకలి పట్టుకున్నాడు.

వీధి వీధంతా వచ్చిందంటే నమ్మండి. దసరాకి ముందు నవ్విన వాళ్ళే చీరలు బిగించి వచ్చారు. పక్కింటి ఒరియా మౌసీ తన పీట, కర్ర తెచ్చుకుని, తూర్పు వైపు చూసి, "మేఘొ ఆసుచి, జల్ది కర" అని, మబ్బొచ్చేస్తోంది తొందరగా కానివ్వండంటూ అందరినీ తరిమింది. రోకళ్ళ చప్పుడు, ఇంగువ ఘాటు, నూనె చేతులు, తగువులు, నవ్వులు. ఒత్తిన అప్పడం ఒత్తినట్టే డాబా మీదికి వెళ్ళిపోతోంది. పైన అత్త మంచాల మధ్య తిరుగుతూ ఒక్కొక్క దాన్నీ తిరగేస్తోంది. నేల మీద నీడ మెత్తగా, అంచు తెలియకుండా పడుతోంది. ఒక్క అప్పడమూ ముడుచుకోలేదు. ఎవరూ పిలవకుండానే ఆ సందడి మధ్యకి కొడల బావగారి బండి వచ్చి ఆగింది. ఆయన గడువు లెక్కపెట్టుకునే వచ్చాడు. బండిలో గడ్డి పరిచి, పైన బొంత వేసి, అత్త కూర్చోవడానికి వీలుగా అమర్చి తెచ్చాడు. ఆయన దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

భోజనం వేళకి అత్త మొదటి వాయి అప్పడాల్లోంచి ఒకటి నిప్పుల మీద కాల్చి, తనే తెచ్చి ఆయన విస్తట్లో వేసింది. అది అంచు దాకా ఒకే తీరున పొంగింది. ఆయన విరిచి, చూసి, తిన్నాడు. రెండోది అడిగి పెట్టించుకున్నాడు. చేతులు కడుక్కుంటూ ఆయన కూడా పైకి చూశాడు. పింజలు దగ్గరపడి ఆకాశం పాలిపోయింది, సూర్యుడి చుట్టూ వలయం కట్టింది. ఆయన మొహం మారింది. కొడలలో ముసురుకి ముందు కోసిన ఆయన వరి ఇంకా ఆరక పొలంలోనే పనలుగా పడి ఉంది. ఇంటిల్లిపాదికీ ఏడాది తిండి అది. కాసేపు బండి దగ్గరికి, కాసేపు అరుగు దగ్గరికి తిరిగాడు. తర్వాత డాబా మెట్ల కింద నిలబడి, గొంతు తగ్గించి అడిగాడు.

"పైడమ్మా, వాన ఎప్పుడంతావు?"

అత్త మంచాల దగ్గర్నుంచి లేచి డాబా అంచుకి వచ్చింది. ఆయన్ని చూడలేదు, తూర్పు చూసింది. ఆ ఇంటి మగవాడు ఆమెని ఒక సంగతి అడిగి, జవాబు కోసం తలెత్తి నిలబడటం ఆవేళే నేను చూశాను. నాకు పట్టరాని గర్వం కలిగింది. ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"రేపు మజ్జాన్నం దాకా రాదు బావగారూ. ఇప్పుడే బయలెల్లండి. దీపాల యేళకి ఋషికుల్య దాటీయొచ్చు. ఎడ్లకి కాసేపు మేతేసి మళ్ళీ కట్టండి. తెల్లారేసరికి పొలంలో ఉంతారు. మనుషుల్ని పెట్టి మజ్జాన్నం లోపల పనలు ఇంటికి సేర్చీయండి. మూడో జాముకి ఒక్క పనా బయటుండకూడదు."

"మరి నువ్వు?" అన్నాడు. అడగాలి కాబట్టి అడిగినట్టే ఉంది.

"నాకింకా అప్పడాలు ఎత్తాల" అంది.

ఆయన తల ఊపాడు. ఎడ్లని కట్టుకుని, బొంత మడిచి పక్కన పడేసి బండెక్కాడు. సందేళకి దుప్పటి మబ్బు కమ్మేసరికి అప్పడాలన్నీ ఆరి, బుట్టలకెక్కి, పెళ్ళివారింటికి చేరిపోయాయి. మర్నాడు మధ్యాహ్నం తుఫాను కుక్కలు ఊరి మీదికి దిగాయి. తొలి చినుకు పడ్డప్పుడు అత్త గుమ్మంలో నిలబడి ఉత్తరం వైపు చూసి, "బావగారి వరి ఇంటికి సేరిపోయుంటాది" అంది. చేరిందో లేదో చాలాకాలం మాకు కబురు లేదు. ఆయన రాలేదు, బండి రాలేదు. మళ్ళీ ఏడు కార్తీకంలో కొడల నుంచి ఒక పాలేరు నడిచి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కోతలు మొదలెట్టొచ్చో లేదో పైడమ్మగారిని కనుక్కుని రమ్మన్నారట బావగారు.